ఫిరంగి లచ్చిగాడి జాడ

మొన్న మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి విందుకు కోరుట్ల వెళ్ళాను. ఫంక్షన్ హాలు చల్లగా, శుభ్రంగా ఉంది. చేతిలో ప్లేటుతో పన్నీరు కూర ముందు నిలబడి తల పైకెత్తి చూశాక గానీ నేనెక్కడున్నానో తెలియలేదు. అది మా ఊరి పాత సినిమా టాకీసు. సరిగ్గా నేను నిలబడ్డ చోటే ఒకప్పుడు తెర ఉండేది. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ పూలతీగలు వేలాడదీసి, కింద స్వీట్ల బల్ల పెట్టారు. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. పక్కనున్న బంధువు ఒకామె "ఎందుకు నవ్వుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. మా ఇంట్లో జరిగిన ఒక విడాకుల పంచాయితీ గుర్తొచ్చిందంటే ఆమె విందు సగంలో వదిలేసి నా వెంట పడేది. అందుకని ఏమీ లేదన్నాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతూ రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. మా టాకీసుకు ఇంగ్లీషు సినిమాలు తెలుగు మాటలతో, అన్ని పట్నాల్లో ఆడి అరిగిపోయాక వచ్చేవి. అలా వచ్చినదే ఒక గూఢచారి సినిమా. హీరో ఏదో మంచు దేశంలో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరుస్తాడు. తన పేరు తనకు తెలియదు. కానీ ఎవడైనా మీద పడితే చాలు, మనసు కంటే ముందే చేతులు లేచి నలుగుర్ని పడగొడతాయి. "నేనెవర్ని?" అని అద్దంలో చూసుకుంటూ కోస్తా యాసలో అడుగుతాడు. ఆ కథ మూడు భాగాలు. మా టాకీసు వాళ్ళు రెండో భాగం ముందు వేసి, ఆర్నెల్ల తర్వాత మొదటి భాగాన్ని కొత్త సినిమా అని పోస్టరు అంటించారు. ఎవరూ గొడవ చేయలేదు. వెనక ఏం జరిగిందో హీరోకే తెలియనప్పుడు మనకు తెలియకపోతే ఏమైంది అనుకున్నారు.

ఆడపిల్లను ఒక్కదాన్నే మ్యాట్నీకి పంపడం మా నాన్నకు, అంటే మా బాపుకు, ఇష్టం లేదు. కాబట్టి కాపలాగా మా తాతను తోడిచ్చి పంపాడు. మా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

మా తాత పేరు లచ్చయ్య. బస్టాండు దారిలో గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికిచ్చే చిన్న దుకాణం ఉండేది ఆయనకు. ఆయన ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే, కిరాయికి వచ్చినవాళ్ళు చెవి ఆయన నోటి దగ్గర పెట్టి వినేవారు. పొద్దున లేవగానే తన పక్కబట్టలు తానే మడత పెట్టేవాడు. తిన్న పళ్ళెం తానే కడుక్కునేవాడు. ఆ కాలంలో మా వాడలో ఇంకే మొగాడూ ఆ పని చేసి ఎరగడు. బాపమ్మ, అంటే మా నాన్న తల్లి రాజవ్వ, అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. తాత దుకాణం నుంచి రాగానే ఆమె పక్కన కూర్చొని తడిపిన తునికాకు కత్తెరతో కొలతకు కత్తిరించి ఇచ్చేవాడు. తడి ఆకు వాసన, తంబాకు ఘాటు, తాత చేతులకంటిన సైకిలు గ్రీజు వాసన కలిస్తే మా ఇల్లు. ఈ రోజుకీ ఎక్కడైనా బీడీ కంపు తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం ఒక్క క్షణం ఆగి నిలబడతాను.

తాత సొంతూరు గంభీరావుపేట. కల్లు గీసే ఇల్లు వాళ్ళది. పాతికేళ్ళు నిండకముందు తాడిచెట్టు మీది నుంచి పడ్డాడు. మూడు రోజులు స్పృహ లేదు. లేచాక చిన్నతనం గుర్తుంది, చచ్చిపోయిన తల్లిదండ్రులు గుర్తున్నారు, చెట్టెక్కడం గుర్తుంది. చివరి నాలుగేళ్ళు మాత్రం తుడిచేసినట్టు పోయాయి. ఆ నాలుగేళ్ళలోనే ఆయనకు పెళ్ళయింది. మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్న మనిషిని చూసి "నువ్వెవలు?" అన్నాడట. "నీ పెండ్లాన్ని" అన్నదట బాపమ్మ. ఆ తర్వాత ఆయన్ని తన పుట్టింటి ఊరైన కోరుట్లకు తెచ్చుకుంది. మళ్ళీ గంభీరావుపేట ఊసెత్తితే "గాడ మనకెవలున్నరు?" అని మాట తుంచేసేది. ఈ కథ మా ఇంట్లో అందరం విన్నదే. ఇందులో అనుమానించాల్సింది ఏమైనా ఉందని మాకెప్పుడూ తోచలేదు.

సినిమా అయిపోయింది. తాత బయటికొచ్చి మురుగుకాలువ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. మూత్రానికేమో అనుకుని నేను అటు తిరిగి నిలబడ్డాను. కాదు.

"బిడ్డా, వాడెవలో వానికి చెప్పినోళ్ళంత అబద్ధమే చెప్పిరి గదా?" అన్నాడు.

"అవు తాతా. వాళ్ళ ఆఫీసోళ్ళే వాణ్ణి గట్ల తయారు జేసిండ్రు."

"నేనెవలో నాకు చెప్పింది మీ బాపమ్మ ఒక్కతే."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ పూట అన్నం తింటూ బాపమ్మను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఏంది గట్ల జూస్తున్నవ్?" అని ఆమె అడిగితే "ఏం లేదు, ఊకెనే" అని పళ్ళెం కడగడానికి లేచాడు. లేచినవాడు సగంలో ఆగి, ఆ పళ్ళెం వంక చూసి, ఈ పని నేనెందుకు చేస్తున్నాను అన్నట్టు నిలబడ్డాడు. తర్వాత కడిగాడనుకోండి.

ఓ వారానికి పెద్ద వాన పట్టింది. సైకిళ్ళు కదల్లేదు. పక్క టైలరు దుకాణంలో నలుగురు కూర్చొని పత్తాలు, అంటే పేకాట, ఆడుతున్నారు. కాలేజీ బస్సు దిగి వాన తగ్గేదాకా నేనూ ఆ చూరు కిందే నిలబడ్డాను. టైలరు నవ్వులాటకు పత్తాల కట్ట తాత చేతిలో పెట్టి "కలుపు పెద్దయ్యా" అన్నాడు. మా తాత జన్మలో పత్తాలు ముట్టలేదని, ముట్టిన వాళ్ళను చూస్తే ఆయనకు గిట్టదని బాపమ్మ చెప్పేది. తాత కట్ట అందుకున్నాడు. మరుక్షణం ఆ కట్ట రెండుగా చీలి, గాల్లో వంతెనలా వంగి, జరజరా ఒకదానిలో ఒకటి దిగిపోయింది. ఎడమ చేతి నుంచి కుడి చేతికి నీళ్ళు పోసినట్టు ముక్కలు పారాయి. టైలరు నోట్లో దారం అట్లాగే ఉండిపోయింది. తాత తన చేతుల వంక చూసుకున్నాడు. అచ్చం ఆ మంచు దేశపు హీరో నలుగుర్ని పడగొట్టి చూసుకున్నట్టే.

"బిడ్డా, సిరిసిల్లల నాకొక దోస్తు ఉండాలె. నర్సయ్య. చిన్నప్పుడు ఒక్కతాన తిరిగినం" అన్నాడు తాత. "నువ్వు తోలుకపో. మీ బాపమ్మకు చెప్పకు."

ఈ మంట పెట్టింది నేనే కాబట్టి కాదనలేకపోయాను. తాతకు కళ్ళు మసకలొస్తున్నాయని, జగిత్యాల కంటి దవాఖానకు తీసుకుపోతున్నానని బాపమ్మకు చెప్పాను. నేనామెతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఆమె దారిలో తినమని సర్వపిండి మూట కట్టి ఇస్తూ "డాక్టరు ఏమన్నా పత్యం జెప్తె మంచిగ యాదికి పెట్టుకో. ఈయనకు యాదుండది" అంది. ఆ మూట పట్టుకొని వేములవాడ మీదుగా సిరిసిల్ల పోతుంటే నేను దాన్ని విప్పనే లేదు. తాత మాత్రం కిటికీ పక్క సీటు కోసం ఒకాయనతో వాదించి మరీ కూర్చున్నాడు.

నర్సయ్య ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. గంభీరావుపేట నుంచి వచ్చి స్థిరపడ్డ నర్సయ్య అనగానే టీ కొట్టు ఆయన చూపించాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, చెవులు పగిలేలా మోగుతున్నాయి. ఆ మోత మధ్య జీవితమంతా గడపడం వల్ల నర్సయ్య మామూలు మాట కూడా అరిచే చెప్పేవాడు. తాతను చూసి కాసేపు కళ్ళు చికిలించి, "ఓరి లచ్చిగా! ఫిరంగి లచ్చిగా! సచ్చినవనుకున్న గదరా!" అని కావలించుకున్నాడు.

"ఫిరంగి ఎవలు?" అన్నాడు తాత.

"నువ్వేరా! నీ గొంతుకు ఊళ్ళ కోళ్ళు గుడ్లు పెట్టకపోతుండె!"

గూఢచారికి ఉన్నట్టే మా తాతకూ మారుపేరుంది! నాకు ఉత్సాహం వచ్చేసింది. నర్సయ్య టీ తెప్పించి అరుస్తూ చెప్పుకుపోయాడు. ఆ పేరూ, ఆ తాగుడూ తాతకు గుర్తులేని ఆ నాలుగేళ్ళలో వచ్చినవేనట. కల్లు అమ్మే మండువలో పత్తాలాటకు ఫిరంగి కూర్చున్నాడంటే మూడు రోజులు లేవడు. ఎవడితోనైనా కయ్యమే. జాతరలో డప్పులోళ్ళను ఆపి, వాళ్ళకంటే పెద్దగా పాడాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. తాత మొహంలోనూ ఒక రకమైన గర్వం కనిపించింది. తను పెద్ద వీరుడేనన్నంత గర్వం.

"మరి రాజవ్వ?" అన్నాడు తాత.

నర్సయ్య మొదటిసారి గొంతు తగ్గించాడు. తగ్గిస్తే సాంచాల మోతలో వినబడక, మళ్ళీ పెంచాల్సి వచ్చింది. అందుకే ఆ మాట మేము అరుపుగానే విన్నాం. "కూరల ఉప్పు తక్కువైందని ఇత్తడి గిన్నె ఇసిరితివి గదరా! పాపం పొల్ల నుదురు పగిలె. అవ్వగారింటికి వోయింది. ఇడుపు కాయితం కావాలని పంచాయితి వెట్టించింది. సోమారం పంచాయితి. నువ్వు ఆయితారం తాగి చెట్టెక్కితివి."

మా బాపమ్మ విడాకులు అడిగిందా! ఆమె నుదుట అరచేతిలో సగమంత బొట్టు పెట్టేది. చిన్నప్పుడు బాయికాడ జారిపడ్డ మచ్చ దాని కింద ఉందని మాకు తెలుసు. బాయికాడ జారిపడడం కాదన్నమాట. తాత గ్లాసు కింద పెట్టాడు. కుడి చేతిని పంచె మడతల్లో దాచుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. వేములవాడ దాటాక అన్నాడు: "నేను చెయ్యలె అంటె అబద్ధమైతది బిడ్డా. చేసిన అందామంటె, వాడెవడో నాకు తెల్వనే తెల్వదు. ఎట్ల చెప్పాలె ఆమెకు?" సినిమాలో హీరో ఇలాంటప్పుడు మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మేం కోరుట్ల బస్టాండులో దిగి నడిచి ఇంటికెళ్ళాం.

ఇల్లు చేరగానే తాత చెప్పులైనా విడవకుండా బాపమ్మ ముందు నిలబడి "నేను సిరిసిల్ల పోయొచ్చిన. నర్సయ్య కలిసిండు" అన్నాడు. బాపమ్మ చేతిలో బీడీ సగం చుట్టి ఆగిపోయింది. నా వంక చూసింది. నేను సర్వపిండి మూట వెనక దాచుకున్నాను.

"నువ్వు నాకు అబద్ధం జెప్పినవ్" అన్నాడు తాత.

"అవు, చెప్పిన" అంది ఆమె. "నువ్వు లేచి నువ్వెవలు అన్నవ్. నేనెసొంటోన్ని అన్నవ్. ఉన్నది జెప్తె మల్ల గట్లనే అయితవేమో అని బుగులైంది. సల్లగ మాట్లాడెటోనివి అన్న. పత్తాలు ముట్టనోనివి అన్న. తిన్న పల్లెం కడుక్కుంటవ్ అన్న. నెలరోజులల్ల నీకే యాదికొస్తది, గా నెలన్న నిమ్మళంగ ఉందామనుకున్న. నీకు యాదికి రాలె. నేనేం జెయ్యాలె?"

తాత చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత ఎవరూ ఊహించని మాట అన్నాడు. "గా సోమారం పంచాయితి కాలె గదా. అది కూసోవాలె."

నిజంగానే కూర్చోబెట్టాడు. సిరిసిల్ల నుంచి నర్సయ్యను సాక్షిగా పిలిపించాడు. మా బాపును పెద్దమనిషిగా కుర్చీలో కూర్చోమన్నాడు. "నేను పుట్టకముందు పంచాయితి నేనెట్ల తెంపుత? గది అప్పుడే తెగితె నేనే లేకపోదును!" అని బాపు నెత్తి పట్టుకున్నాడు. నన్ను కాయితం రాయమన్నారు. తాత, బాపమ్మ ఎదురెదురుగా చాప మీద కూర్చున్నారు.

"చెప్పు రాజవ్వా. గా మనిషి నిన్నేం జేసిండు?" అన్నాడు తాత.

"ఇప్పుడెందుకు గవన్ని" అంది బాపమ్మ. కానీ అడిగినవాడు నిజంగా వినడానికే కూర్చున్నాడని అర్థమయ్యాక మొదలుపెట్టింది. "మా అవ్వను జూసొస్త అంటె నా చెప్పులు బాయిల ఏసిండు."

"నీ చెప్పులా?" తాతకు కోపం వచ్చింది.

"మూడు రోజులకొకపారి ఇంటికొస్తుండె. వచ్చి కూర సల్లగైందని లొల్లి."

"మూడు రోజులైనంక సల్లగ గాక ఏమైతది? వానికి బుద్ధి ఉన్నదా?" తాత నర్సయ్య వైపు తిరిగి గద్దించాడు. "నువ్వు దోస్తువు గదా, వానికి చెప్పద్దా?"

"నువ్వు వింటుంటివారా!" అని నర్సయ్య అరిచాడు.

అలా ఒక్కొక్కటే వస్తుంటే తాత గొంతు పెరిగింది. మేం పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత పెద్దగా మాట్లాడగా వినలేదు. చివరికి బాపమ్మ ఇంకేం చెప్పకుండా కొంగుతో బొట్టు తుడిచేసింది. మచ్చ కనబడింది. ఇంట్లో అందరం తలలు దించుకున్నాం. తాత ఒక్కడే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"తప్పైంది" అన్నాడు. "వాడు చెప్పకుంట పోయిండు. వాని బదులు నేను చెప్తున్న." తర్వాత నా వైపు తిరిగాడు. "రాయి బిడ్డా. ఫిరంగి లచ్చిగానికి, రాజవ్వకు ఇయ్యాల్టికెల్లి తెగింది. గసోంటోనితోని ఆమె ఉండద్దు."

రాశాను. ఇప్పుడు సంతకం ఎవరు పెట్టాలన్నది సమస్య అయింది. నేను వాణ్ణి కానని తాత పెట్టనన్నాడు. మరి వాడెక్కడున్నాడని బాపు అడిగాడు. కాసేపు పెద్ద చర్చే జరిగింది. చివరికి నర్సయ్య "తే, నేను వెడత. వాడు నా దోస్తు" అని గజిబిజిగా ఓ గీత గీకాడు.

"ఇగ నా సంగతి" అన్నాడు తాత. "నన్ను నీకెవ్వలు పెండ్లి జెయ్యలె. ఊకెనే నీ ఇంట్ల ఉంటున్న నలపై ఏండ్ల సంది. ఉండుమంటవా, పొమ్మంటవా?"

మేమందరం నవ్వుతూ బాపమ్మ వంక చూశాం. ఆమె నవ్వలేదు. "ఆలోచించుకొని చెప్త" అంది. మర్నాడు పొద్దున సంచి సర్దుకొని, ధర్మపురిలో ఉన్న చెల్లెలింటికి బస్సెక్కింది.

ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, తొమ్మిది రోజులు. మొదట సరదాగా ఉన్న మాకు నాలుగో రోజుకు భయం పట్టుకుంది. బాపు నన్ను తిట్టాడు, సినిమా వాళ్ళను తిట్టాడు, తర్వాత టాకీసుకు అనుమతించిన తనను తానే తిట్టుకున్నాడు. తాత దుకాణం మధ్యాహ్నమే మూసి, ఉతికిన పంచె కట్టుకొని, బస్టాండులో ధర్మపురి బస్సులన్నీ వచ్చేదాకా కూర్చొని తిరిగొచ్చేవాడు. ఎవరైనా అడిగితే గాలికి కూర్చున్నాననేవాడు. ఆ బస్టాండులో గాలి రాదని కోరుట్లలో అందరికీ తెలుసు. బీడీల ఆకు ఎండిపోకుండా గోనెపట్టా మీద నీళ్ళు చల్లి, ఆమె వచ్చాక చుట్టుకోవడానికి వారానికి సరిపడా ఆకు కత్తిరించి పెట్టాడు. తొమ్మిదో రోజు నేనూ ఆయన పక్కనే ఉన్నాను. బాపమ్మ దిగింది. గోదావరి స్నానాలతో మొహం తేటగా ఉంది. బొట్టు మామూలు సైజుకు తగ్గింది. మచ్చ కనిపిస్తోంది.

"ఉండు" అంది తాతతో. అంతే. సంచి ఆయన చేతికిచ్చి ముందు నడిచింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అసలు మాట చెప్పింది. "నువ్వు సల్లటోనివని చెప్పినంక నేను లొల్లివెట్టుకుంటె నీకు అనుమానం రాదా? నీ ఫిరంగికి నేనేం తక్కువ గాదు. ఒకపారి నీ నెత్తిన కల్లులొట్టి పగులగొట్టిన. నీ గురించి అబద్ధం చెప్పి, దానికి సరిపోను నేను నోరు కట్టేసుకున్న. నలపై ఏండ్లు! ఇగ నాతోని కాదు."

అన్నట్టే చేసింది. ఆ సాయంత్రమే మా ఇంట్లో మొదటి పోట్లాట జరిగింది. కాకరకాయ మీద. దొడ్లో విరగకాసేది అదొక్కటే కాబట్టి, నీకు కాకరకాయంటే పానం అని అప్పట్లో ఆయనకు చెప్పానని బాపమ్మ ఒప్పేసుకుంది. గిన్నె విసిరిన సంగతి తెలిసినప్పుడు ఏడ్చిన మా తాత, ఇది విని "నలపై ఏండ్లా!" అని ఫిరంగిలా పేలాడు. వాడకట్టంతా మా ఇంటి ముందు పోగైంది. ఆమె అంతకంటే గట్టిగా బదులిచ్చింది. చేతులు మాత్రం ఎవరివీ లేవలేదు. మధ్యలో రాజీ చేయబోయిన మా బాపును ఇద్దరూ ఒక్కటై తిట్టారు. గొడవయ్యాక తాత అరుచుకుంటూనే పళ్ళెం కడిగాడు.

ఇప్పుడు నా వయసు నలభై దాటింది. నేనూ నా భర్తా ఎప్పుడేమన్నామో ఫోన్లలో భద్రంగా ఉంది. ఏ గొడవకైనా ఆయన నాలుగేళ్ళ కిందటి మెసేజు తీసి చూపిస్తాడు, నేను అయిదేళ్ళ కిందటిది తీస్తాను. ఎవరం ఏదీ మరచిపోం. పెళ్ళి రోజున ఫోనే పాత ఫోటో తెచ్చి ముందు పెడుతుంది, ఆ రోజు ఫోటో తీసే ముందు ఎందుకు అలిగామో కూడా ఇద్దరికీ గుర్తే. చెట్టు మీది నుంచి పడడం మంచిదని నేననను. పడ్డ మనిషికి ఇంకో మనిషి పక్కన కూర్చొని, నువ్వు ఇలాంటివాడివని అంత ధైర్యంగా చెప్పడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

ఆ మొదటి పోట్లాట మర్నాటి పొద్దున సంగతి ఒకటుంది. నేను కాలేజీకి బయల్దేరుతున్నాను. బాపమ్మ అరుగు మీద చాటతో కూర్చుంది. తాత కత్తెర పట్టుకొని పక్కన చేరాడు. రెండు ఆకులు కత్తిరించి ఆపాడు. మూడోది కత్తిరించబోయి మళ్ళీ ఆపాడు.

"ఇంకా ఏమేం అబద్ధాలు జెప్పినవ్ నాకు?" అని అడిగాడు.

బాపమ్మ తల ఎత్తకుండా బీడీకి దారం చుట్టి, మొన గోటితో మడిచి, చాటలో వేసింది.

"నాకు యాదికి లేదు" అంది.